సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్: అర్హతలు, పరీక్షలు, గుర్తింపు

దంత వైద్యుడు రోగికి చికిత్స చేస్తున్నంతసేపూ కుర్చీ పక్కనే ఉండి పరికరాలు అందించే, నోట్లో చేరే నీటినీ లాలాజలాన్నీ తీసేసే, ఎక్స్‌రేలు తీసే, వాడిన సామగ్రిని శుద్ధి చేసే ఆరోగ్య కార్యకర్తను డెంటల్ అసిస్టెంట్ అంటారు. ఈ పనికి కావలసిన జ్ఞానం తమకు ఉందని జాతీయ స్థాయి పరీక్షల్లో నిరూపించుకున్నవారు అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ‘సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్’ అన్న గుర్తింపు పొందుతారు. సంక్షిప్తంగా సీడీఏ అని పిలిచే ఈ గుర్తింపును షికాగో కేంద్రంగా పనిచేసే డెంటల్ అసిస్టింగ్ నేషనల్ బోర్డు ఇస్తుంది. ఈ బోర్డును వృత్తిలో ఉన్నవారు డాన్‌బీ అంటారు.

సీడీఏ గుర్తింపునూ ప్రభుత్వ లైసెన్సునూ ఒకటిగా భావించకూడదు. గుర్తింపు అభ్యర్థికి ఎంత తెలుసో చెబుతుంది. ఆ అభ్యర్థి రోగి నోట్లో ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో ఆయా రాష్ట్రాల చట్టాలు నిర్ణయిస్తాయి. ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు రెండింటినీ విడివిడిగా తెలుసుకోవాలి.

పని పరిధి

డెంటల్ అసిస్టెంట్, డెంటల్ హైజీనిస్ట్, డెంటల్ టెక్నీషియన్ మూడు వేర్వేరు వృత్తులు. హైజీనిస్ట్ పళ్లపై పేరుకున్న గారను తొలగిస్తారు, చిగుళ్ల ఆరోగ్యాన్ని పరీక్షిస్తారు. టెక్నీషియన్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు, క్యాప్‌లు తయారుచేస్తారు. అసిస్టెంట్ పని డాక్టరు పక్కన కుర్చీ దగ్గర మొదలై శుద్ధి గది, ఎక్స్‌రే గది, రోగుల రికార్డుల దాకా విస్తరిస్తుంది. రోగి రాకముందు ట్రే సర్దడం, వచ్చాక పాత జబ్బులు, వాడుతున్న మందులు, అలర్జీల వివరాలు రాసుకోవడం, రక్తపోటు చూడడం, చికిత్సలో తోడుండడం, పన్ను తీసిన తర్వాత పాటించాల్సిన జాగ్రత్తలు చెప్పడం రోజువారీ పనులు.

అసిస్టెంట్ చేయకూడని పనులు కూడా స్పష్టంగానే ఉన్నాయి. రోగ నిర్ధారణ, చికిత్స ప్రణాళిక, మందులు రాయడం, పన్నునుగానీ చిగురునుగానీ కోయడం డాక్టరు బాధ్యతలు. మిగిలిన పనులను డాక్టరు ఏ మేరకు పర్యవేక్షించాలన్నది కూడా చట్టాలే చెబుతాయి. డాక్టరు అదే క్లినిక్‌లో ఉండి, పూర్తయిన పనిని స్వయంగా చూడాల్సినవి కొన్ని. డాక్టరు ముందుగా ఆదేశించి ఉంటే ఆయన లేనప్పుడు కూడా చేయదగినవి మరికొన్ని.

చరిత్ర

న్యూ ఆర్లీన్స్‌కు చెందిన దంత వైద్యుడు సి. ఎడ్మండ్ కెల్స్ 1885లో మాల్వినా క్యూరియా అనే యువతిని సహాయకురాలిగా నియమించుకున్నారు. అమెరికా దంత వైద్య చరిత్రలో తొలి డెంటల్ అసిస్టెంట్‌గా ఆమె పేరే చెబుతారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు పంటి డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లడానికి జంకేవారు. లోపల సహాయకురాలు ఉందని తెలియజేసే బోర్డులు క్లినిక్‌ల ముందు కనిపించసాగాక మహిళా రోగులు ధైర్యంగా రావడం పెరిగింది.

దంత ఎక్స్‌రేకు అమెరికాలో ఆద్యుల్లో ఒకరు కూడా ఈ కెల్స్ గారే. రేడియేషన్ హాని ఎవరికీ సరిగా తెలియని కాలమది. యంత్రాన్ని సరిచూడడానికి ఆయన తన చేతినే కిరణాలకు అడ్డంపెట్టేవారు. క్యాన్సర్ సోకింది. శస్త్రచికిత్సల్లో ఒక్కొక్కటిగా వేళ్లు పోయాయి, చివరికి చెయ్యి పోయింది. ఆ బాధలోనే 1928లో మరణించారు. నేటి సీడీఏ పరీక్షలో రేడియేషన్ భద్రతకు ఒక పూర్తి భాగం ఎందుకు కేటాయించారో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క జీవితం చాలు.

సహాయకులను సంఘటితం చేసిన ఘనత జూలియట్ సదర్డ్‌ది. ఆమె నాయకత్వంలో 1924లో డాలస్ నగరంలో అమెరికన్ డెంటల్ అసిస్టెంట్స్ అసోసియేషన్ ఏర్పడింది. డాక్టరు చెప్పింది చేసుకుపోవడమే కాక, చదువు, నైపుణ్యం ఉన్న వృత్తిగా దీన్ని నిలబెట్టాలన్నది ఆమె పట్టుదల. ఆ కృషి ఫలితంగానే 1948లో ధ్రువీకరణ బోర్డు ఏర్పడింది. నేటి డాన్‌బీకి మూలం అదే. శిక్షణ సంస్థల నాణ్యతను తనిఖీ చేసే కమిషన్ ఆన్ డెంటల్ అక్రెడిటేషన్ 1975లో వచ్చింది. దీన్ని కోడా అంటారు. ఒక అభ్యర్థికి పరీక్ష పెట్టేది డాన్‌బీ, ఆ అభ్యర్థి చదివిన కోర్సుకు గుర్తింపునిచ్చేది కోడా.

అర్హత మార్గాలు

సీడీఏ కోసం మూడు పరీక్షలు రాయాలి. వాటిలో రేడియేషన్ భద్రత, ఇన్ఫెక్షన్ నియంత్రణ పరీక్షలకు ముందస్తు అర్హతలేమీ లేవు, విద్యార్థి దశలోనే రాసేయవచ్చు. మూడోది జనరల్ చైర్‌సైడ్ పరీక్ష. దీనికి మాత్రం అర్హత కావాలి. ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది చదువు మార్గం. కోడా గుర్తింపు ఉన్న డెంటల్ అసిస్టింగ్ లేదా డెంటల్ హైజీన్ కోర్సు పూర్తిచేసినవారు నేరుగా పరీక్షకు అర్హులు. కోడా ప్రమాణాల ప్రకారం అసిస్టింగ్ కోర్సులో కనీసం 900 గంటల బోధన ఉండాలి, అందులో 300 గంటలు క్లినిక్‌లో ప్రత్యక్ష సాధన కావాలి. కమ్యూనిటీ కళాశాలలు, వృత్తి విద్యా సంస్థలు వీటిని నడుపుతాయి. సాధారణంగా ఏడాది లోపు ముగుస్తాయి. ఇంగ్లిష్, మనస్తత్వ శాస్త్రం వంటి పాఠ్యాంశాలు కలిపి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీగా చదివే వీలూ ఉంది.

రెండోది అనుభవ మార్గం. హైస్కూలు లేదా దానికి సమానమైన చదువు ఉండి, క్లినిక్‌లో అసిస్టెంట్‌గా కనీసం 3,500 గంటలు పనిచేసినవారు అర్హులు. ఈ గంటలు పూర్తికాలం ఉద్యోగంలోనైతే కనీసం రెండేళ్లలో, పార్ట్‌టైమ్‌లోనైతే నాలుగేళ్ల వరకు కూడగట్టవచ్చు. గంటల లెక్క నిజమేనని లైసెన్సున్న దంత వైద్యుడు ధ్రువీకరించాలి. ఫీజులు కట్టి కాలేజీకి వెళ్లలేని వేలాదిమందికి వృత్తి తలుపులు తెరిచి ఉంచుతున్నది ఈ మార్గమే. అందుకే దీని విలువ పెద్దది.

మూడోది పూర్వార్హత మార్గం. గతంలో సీడీఏ ఉండి గడువు తీరిపోయినవారు, అమెరికాలో గుర్తింపు పొందిన దంత వైద్య పట్టభద్రులు, అమెరికా, కెనడాలకు వెలుపలి దేశాల్లో దంత వైద్య పట్టా పొందినవారు ఈ కోవలోకి వస్తారు. మన దగ్గర బీడీఎస్ చదివి అమెరికా చేరినవారికి దారి ఇదే.

ఏ మార్గంలో వచ్చినా, గుండె ఆగినవారిని కాపాడే సీపీఆర్ శిక్షణ ధ్రువపత్రం చెల్లుబాటులో ఉండి తీరాలి. కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో చూసి సంపాదించిన కాగితం సరిపోదు. బొమ్మపై చేతులతో సాధన చేసి, శిక్షకుల ముందు చేసి చూపిన శిక్షణే కావాలి. మత్తు సూదికి భయపడి కుర్చీలోనే స్పృహ తప్పేవారు, గుండె జబ్బున్నవారు, మధుమేహులు దంత క్లినిక్‌కు రోజూ వస్తుంటారు. ఆపద వేళ రోగికి అందరికంటే దగ్గరగా ఉండే మనిషి అసిస్టెంటే.

పరీక్షలో మూడు భాగాలు

మూడు పరీక్షల్లోనూ ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికాలు, కంప్యూటర్‌పై రాస్తారు. మార్కులను 100 నుంచి 900 వరకు ఉన్న కొలమానంపై లెక్కిస్తారు. ప్రతి పరీక్షలోనూ 400 వస్తే ఉత్తీర్ణులు. మూడింటినీ ఒకేసారి రాయవచ్చు, విడివిడిగానూ రాయవచ్చు. అయితే నిర్ణీత గడువులోపు మూడూ పూర్తిచేసినవారికే సీడీఏ దక్కుతుంది.

చైర్‌సైడ్ పరీక్ష: ఇది కుర్చీ దగ్గర జరిగే పనికి సంబంధించినది. దంత వైద్యంలో నాలుగు చేతుల పద్ధతి అన్నది 1960ల నుంచి బోధనలో స్థిరపడింది. డాక్టరు రెండు చేతులు, అసిస్టెంట్ రెండు చేతులు ఒకే లయలో కదలడం దీని సారం. రోగి ముఖాన్ని గడియారం ముఖంగా, తల పైభాగాన్ని 12 గంటల స్థానంగా ఊహించుకోమని విద్యార్థులకు చెబుతారు. కుడిచేతివాటం డాక్టరైతే 7 నుంచి 12 వరకు ఆయన చోటు. 12 నుంచి 2 వరకు కదిలే బల్ల, బరువైన సామగ్రి ఉంటాయి. 2 నుంచి 4 వరకు అసిస్టెంట్ చోటు. 4 నుంచి 7 వరకు, అంటే రోగి గడ్డం కింద, పరికరాలు చేతులు మారే చోటు. రోగి కళ్ల మీదుగా ఏ పరికరమూ వెళ్లకూడదన్నది ఈ ఏర్పాటులోని కీలక సూత్రం. అసిస్టెంట్ స్టూలు డాక్టరు స్టూలు కంటే నాలుగు నుంచి ఆరంగుళాలు ఎత్తులో ఉంటుంది. అలా ఉంటేనే నోటి లోపలి భాగం బాగా కనిపిస్తుంది.

పుచ్చిన దవడ పన్నుకు ఫిల్లింగ్ చేస్తున్న సమయాన్ని గమనిస్తే ఈ శిక్షణ విలువ తెలుస్తుంది. అసిస్టెంట్ కుడి చేతిలో నీటిని లాగే సక్షన్ గొట్టం ఉంటుంది. డాక్టరు డ్రిల్లు నోట్లో పెట్టకముందే ఆ గొట్టం కొస సరైన చోట చేరి ఉండాలి, నాలుకనూ బుగ్గనూ పక్కకు ఒత్తిపట్టాలి. ఎడమ చెయ్యి పరికరాల మార్పిడికి. డాక్టరు వాడిన పరికరాన్ని చివరి వేళ్లతో అందుకుంటూనే, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో పట్టుకున్న తర్వాతి పరికరాన్ని ఆయన వేళ్లలో ఉంచాలి. దాని పనిచేసే కొస పై పన్నుకైతే పైకి, కింది పన్నుకైతే కిందికి తిరిగి ఉండాలి. డాక్టరు తల తిప్పకుండా, చూపు మరల్చకుండా పని సాగిపోతుంది. రోగి నోరు తెరిచి ఉంచాల్సిన సమయం తగ్గుతుంది.

ఇదే పరీక్షలో దంత పదార్థాల గురించీ అడుగుతారు. పంటి అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ పొడిని గోరువెచ్చని నీటితో కలిపితే త్వరగా గట్టిపడుతుంది, చల్లని నీటితోనైతే ఆలస్యమవుతుంది. రోగికి వాంతి భావన ఎక్కువైతే ఏది మేలో ఆలోచించి కలపాలి. పళ్ల లెక్క రాసే పద్ధతి కూడా ఇందులో భాగం. అమెరికాలో శాశ్వత దంతాలకు 1 నుంచి 32 వరకు వరుస సంఖ్యలు, పాలపళ్లకు అక్షరాలు వాడతారు. భారత్ సహా అనేక దేశాల్లో వాడే అంతర్జాతీయ పద్ధతిలో 16 అని రాసే కుడి పై మొదటి దవడ పన్ను అక్కడ 3 అవుతుంది. ఈ తేడా అలవాటు కాకపోతే ఒక పన్నుకు చేయాల్సిన చికిత్స మరో పన్నుకు జరిగే ప్రమాదం ఉంది.

ఇన్ఫెక్షన్ నియంత్రణ పరీక్ష: రక్తం, లాలాజలం కలిసిన తుంపరలు దంత క్లినిక్‌లో ప్రతి చికిత్సలోనూ ఎగురుతాయి. కాబట్టి ఇక్కడ అజాగ్రత్తకు తావు లేదు. పరికరాలను మూడు వర్గాలు చేస్తారు. చర్మాన్నిగానీ ఎముకనుగానీ ఛేదించేవి మొదటి వర్గం, నోటి పొరను తాకే అద్దం వంటివి రెండో వర్గం, పైపైన మాత్రమే తాకే రక్తపోటు పట్టీ వంటివి మూడో వర్గం. మొదటి వర్గానికి వేడితో క్రిమిరహితం చేయడం తప్పనిసరి. రెండో వర్గంలో వేడిని తట్టుకునేవాటికీ అదే పద్ధతి. డ్రిల్లును నడిపే హ్యాండ్‌పీస్‌ను కూడా ప్రతి రోగి తర్వాత ఆవిరి వేడితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లో పెట్టాల్సిందే, పైపైన తుడిస్తే చాలదు.

ఆటోక్లేవ్ తిరిగినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. పొట్లంపై రంగు మారే పట్టీ వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. క్రిములు నిజంగా నశించాయో లేదో తెలియాలంటే, వేడిని గట్టిగా తట్టుకునే బ్యాక్టీరియా బీజాలున్న పట్టీని లోపల పెట్టి, తర్వాత అవి మొలకెత్తుతున్నాయేమో చూడాలి. ఈ పరీక్షను వారానికి కనీసం ఒకసారి చేయాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. డెంటల్ యూనిట్ గొట్టాల్లో నీరు నిలిచి క్రిములు పెరుగుతాయి కనుక ప్రతి రోగి తర్వాత 20 నుంచి 30 సెకన్లు నీటిని వదలాలి. చికిత్సకు వాడే నీటిలో మిల్లీలీటరుకు 500 మించి బ్యాక్టీరియా సముదాయాలు ఉండకూడదు.

సిబ్బంది రక్షణ కూడా ఈ పాఠంలోనిదే. 1991లో వచ్చిన అమెరికా కార్మిక భద్రతా నిబంధన ప్రకారం, రక్తంతో పని ఉండే ఉద్యోగికి చేరిన 10 పనిదినాల్లోపు హెపటైటిస్ బి టీకాను యజమాని ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఏటా శిక్షణ ఇవ్వాలి.

రేడియేషన్ పరీక్ష: మంచి ఎక్స్‌రే తీయడం, అనవసరపు కిరణాలు ఎవరికీ తగలకుండా చూడడం ఇందులోని రెండు ముఖ్యాంశాలు. నోట్లో పెట్టే ఎక్స్‌రే సెన్సర్ పన్ను పొడవుకు సమాంతరంగా ఉండాలి, కిరణాలు రెండింటికీ లంబంగా పడాలి. నిలువు కోణం ఎక్కువైతే బొమ్మలో పన్ను పొట్టిగా, తక్కువైతే సాగినట్టు కనిపిస్తుంది. అడ్డకోణం తప్పితే పక్కపక్క పళ్లు ఒకదానిపై ఒకటి పడి, వాటి మధ్య దాగిన పిప్పి కనిపించకుండా పోతుంది. తప్పుగా వచ్చిన బొమ్మను మళ్లీ తీయాలి, అంటే రోగికి రెండోసారి కిరణాలు. నేర్పు లేని చెయ్యి చేసే హాని ఇక్కడ నేరుగా రోగి శరీరానికే. గోడ అడ్డు లేని చోట తీసేవారు కనీసం ఆరడుగుల దూరంలో, కిరణాల దారికి పక్కగా నిలబడాలి. రోగి నోట్లోని సెన్సర్‌ను ఎన్నడూ చేత్తో పట్టుకోకూడదు.

గుర్తింపును నిలుపుకోవడం, పై మెట్లు

సీడీఏ ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. ఏటా పునరుద్ధరించుకోవాలి. అందుకు ఏడాదిలో 12 నిరంతర విద్యా క్రెడిట్లు సంపాదించాలి, సీపీఆర్ ధ్రువపత్రం చెల్లుబాటులో ఉంచుకోవాలి. దంత వైద్యంలో పదార్థాలు, పద్ధతులు వేగంగా మారుతున్నాయి. రోగికి సీసపు ఏప్రాన్ తప్పనిసరిగా వేయాలని దశాబ్దాలుగా నేర్పారు. ఆధునిక యంత్రాల్లో కిరణాల మోతాదు బాగా తగ్గినందున, వాటిని గురి తప్పకుండా పరిమితం చేస్తే ఏప్రాన్ అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో సిఫారసు చేసింది. పదేళ్ల క్రితం చదివిన పాఠంతోనే సరిపెట్టుకునేవారికి ఇలాంటి మార్పులు తెలియవు.

సీడీఏతోపాటు డాన్‌బీ మరికొన్ని గుర్తింపులు ఇస్తుంది. వృత్తిలో కొత్తగా అడుగుపెట్టేవారికి ప్రవేశ స్థాయి గుర్తింపు ఉంది. పళ్లు వరుసలో పెట్టే క్లినిక్‌లలో పనిచేసేవారికి ఆర్థోడాంటిక్ అసిస్టెంట్ గుర్తింపు ఉంది. నివారణ చికిత్సలకు ఒకటి, ఫిల్లింగ్ వంటి పునరుద్ధరణ పనులకు ఇంకొకటి ఉన్నాయి. పెన్సిల్వేనియా, ఒహాయో వంటి రాష్ట్రాల్లో, డాక్టరు పుచ్చును తొలిచి శుభ్రం చేశాక ఆ గుంతను నింపి మలిచే పనిని ప్రత్యేక శిక్షణ పొందిన అసిస్టెంట్లు చేయవచ్చు.

రాష్ట్రాల వారీ నిబంధనలు

అమెరికాలో దంత వైద్య వృత్తుల నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంది. అందుకే ఒకే దేశంలో ఇన్ని రకాల నిబంధనలు. కొన్ని రాష్ట్రాల్లో ఏ ధ్రువపత్రమూ లేకుండా ప్రాథమిక పనులతో ఉద్యోగం మొదలుపెట్టవచ్చు. ఎక్స్‌రేలు తీయడానికి మాత్రం చాలా రాష్ట్రాలు ప్రత్యేక శిక్షణో పరీక్షో అడుగుతాయి. ఎక్కువ రాష్ట్రాలు డాన్‌బీ పరీక్షలను ఏదో ఒక రూపంలో గుర్తిస్తాయి.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన మూడు రాష్ట్రాలను చూస్తే తేడా తెలుస్తుంది. కాలిఫోర్నియాలో లైసెన్సు లేని అసిస్టెంట్ 8 గంటల ఇన్ఫెక్షన్ నియంత్రణ కోర్సు, దంత వైద్య చట్టంపై 2 గంటల కోర్సు, ప్రాణరక్షణ శిక్షణ పూర్తిచేయాలి. పై హోదా అయిన రిజిస్టర్డ్ డెంటల్ అసిస్టెంట్ కావాలంటే రాష్ట్ర బోర్డు ఆమోదించిన కోర్సు చదవాలి లేదా కనీసం 15 నెలల కాలంలో 1,280 గంటల అనుభవం చూపాలి, ఆపై రాష్ట్రం పెట్టే పరీక్షలో నెగ్గాలి. టెక్సస్‌లో ఎక్స్‌రే తీసే అసిస్టెంట్ రాష్ట్ర దంత వైద్య బోర్డు దగ్గర నమోదై ఉండాలి. న్యూజెర్సీలో రిజిస్టర్డ్ హోదాకు డాన్‌బీ వారి సీడీఏనే ఆధారం. ఒక రాష్ట్రంలో చేసిన పని మరో రాష్ట్రంలో చట్టవిరుద్ధం కావచ్చు. ఇల్లు మారినప్పుడల్లా కొత్త రాష్ట్ర బోర్డు నిబంధనలు చదవక తప్పదు.

అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో ప్రకారం 2023 మేలో డెంటల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 46,540 డాలర్లు.

బీడీఎస్ చదివినవారికి ఉన్న దారి

విజయవాడ కేంద్రంగా ఉన్న ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి, వరంగల్ కేంద్రంగా ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి బీడీఎస్ పట్టా పుచ్చుకుని పెళ్లితోనో పైచదువుతోనో అమెరికా చేరిన తెలుగు యువతులు, యువకులు చాలామంది ఉన్నారు. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన వీరికి అక్కడ నేరుగా ప్రాక్టీసు చేసే వీలుండదు. ఐఎన్‌బీడీఈ అనే జాతీయ పరీక్షలో ఉత్తీర్ణులై, సాధారణంగా రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చదివి, అమెరికా దంత వైద్య పట్టా తెచ్చుకుని, ఆపై రాష్ట్ర లైసెన్సు పొందాలి. సీట్లు తక్కువ, ఫీజులు భారీ, నిరీక్షణ దీర్ఘం.

ఈ నిరీక్షణ కాలంలో డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేయడం చాలామంది ఎంచుకునే దారి. విదేశీ పట్టా ఉన్నందున మూడో మార్గంలో వీరు సీడీఏ పరీక్షకు అర్హులు, 3,500 గంటల అనుభవం అక్కర్లేదు. అక్కడి రోగులతో మాట్లాడే తీరు, బీమా లెక్కలు, రికార్డులు రాసే విధానం, ఇన్ఫెక్షన్ నియమాలు దగ్గర నుంచి నేర్చుకోవచ్చు. దంత కళాశాలల ప్రవేశ దరఖాస్తులో ఈ అనుభవం పనికొస్తుంది. అయితే రెండు సంగతులు మరవకూడదు. అసిస్టెంట్‌గా ఉన్నంతకాలం, ఇండియాలో ఎన్ని పళ్లు తీసిన చెయ్యి అయినా, ఆ రాష్ట్రం అసిస్టెంట్‌కు అనుమతించిన పని దాటకూడదు. రెండోది వీసా. హెచ్4 వీసాపై ఉన్నవారిలో ఉద్యోగ అనుమతి పత్రం పొందినవారే పనిచేయవచ్చు. అది లేకుండా జీతానికి పనిచేస్తే వలస చట్టం ఉల్లంఘన అవుతుంది.

వైద్యులుగా చదివి సహాయకులుగా పనిచేయడాన్ని చిన్నతనంగా భావించనక్కర్లేదు. రోగికి సురక్షితంగా చికిత్స అందడంలో ఈ రెండు చేతుల పాత్ర తక్కువేమీ కాదు.

కెనడా, బ్రిటన్

కెనడాలో నేషనల్ డెంటల్ అసిస్టింగ్ ఎగ్జామినింగ్ బోర్డు జాతీయ పరీక్ష నిర్వహిస్తుంది. గుర్తింపు లేని సంస్థల్లో చదివినవారు రాత పరీక్షతోపాటు చేతి పనిలో నైపుణ్యం చూపే మదింపు కూడా దాటాలి. బ్రిటిష్ కొలంబియాలో సర్టిఫైడ్ డెంటల్ అసిస్టెంట్ అన్నది చట్టబద్ధంగా నియంత్రించే వృత్తి. ఒంటారియోలో అలాంటి నియంత్రణ లేదు.

బ్రిటన్‌లో ఈ వృత్తి పేరు డెంటల్ నర్స్. అక్కడ 2008 నుంచి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు తప్పనిసరి. శిక్షణలో ఉన్నవారు మాత్రం పర్యవేక్షణలో పనిచేయవచ్చు. నమోదైనవారు ఐదేళ్లలో 50 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి. అమెరికాలో అనేక రాష్ట్రాలు అభ్యర్థుల ఇష్టానికి వదిలేసిన అంశాన్ని బ్రిటన్ దేశమంతటికీ చట్టం చేసింది.

భారతదేశంలో పరిస్థితి

అమెరికాలో ధ్రువీకరణ బోర్డు ఏర్పడిన 1948లోనే భారత్‌లో డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టం దంత వైద్యులతోపాటు డెంటల్ హైజీనిస్ట్‌లకూ డెంటల్ మెకానిక్‌లకూ నమోదు విధానం ఏర్పరిచింది. కుర్చీ పక్కన నిలబడే సహాయకులు ఆ జాబితాలో లేరు. తర్వాతి కాలంలో డెంటల్ ఆపరేటింగ్ రూమ్ అసిస్టెంట్ పేరుతో డిప్లొమా కోర్సులు, నైపుణ్యాభివృద్ధి పథకాల కింద డెంటల్ అసిస్టెంట్ శిక్షణ వచ్చాయి. దంత వైద్య విద్యను, వృత్తిని కొత్త చట్రంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం ఆమోదించింది.

అయినా మన ఊళ్లలోని క్లినిక్‌లలో సహాయకులు ఎక్కువగా పని చేస్తూ నేర్చుకున్నవారే. పదో తరగతో ఇంటరో చదివి చేరిన అమ్మాయి మొదట అపాయింట్‌మెంట్లు రాస్తుంది, కొన్నాళ్లకు ట్రే సర్దుతుంది, ఏడాది తిరిగేసరికి డాక్టరు అడగకముందే పరికరం అందిస్తుంది. చేతి నేర్పులో వీరిలో చాలామంది ఎవరికీ తీసిపోరు. లోపమల్లా నేర్పే పద్ధతిలో ఉంది. ఆటోక్లేవ్‌లో ఎంతసేపు పెట్టాలో చెబుతారు, ఎందుకో చెప్పరు. సూది గుచ్చుకుంటే కడుక్కోమంటారు, హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడగరు. మన దేశంలోనూ నియమాలు లేకపోలేదు. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు సూదులను గుచ్చుకోని తెల్లటి డబ్బాలో వేయాలని చెబుతున్నాయి. ఎక్స్‌రే యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలో ఉన్నాయి. ఈ నియమాలను రోజూ ఆచరణలో పెట్టాల్సిన మనిషికి వాటిని నేర్పి, పరీక్షించి, గుర్తింపు ఇచ్చే ఏర్పాటు అందరికీ అందుబాటులో లేకపోవడమే కొరత.

సీడీఏ నమూనాలో మనం తీసుకోదగినవి మూడున్నాయి. పనిలో ఉన్నవారు ఉద్యోగం మానకుండానే అర్హత పొందే అనుభవ మార్గం ఒకటి. ఇన్ఫెక్షన్ నియంత్రణనూ రేడియేషన్ భద్రతనూ విడి పరీక్షలుగా పెట్టడం రెండోది. ఏటా కొత్త విషయాలు నేర్చుకుంటేనే గుర్తింపు నిలిచే నియమం మూడోది.

కోర్సు ఎంచుకునేవారు గమనించాల్సినవి

కోర్సు పూర్తయ్యాక సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వేరు, సీడీఏ గుర్తింపు వేరు. పది పన్నెండు వారాల్లో సర్టిఫైడ్ అసిస్టెంట్‌ను చేస్తామనే ప్రకటనలు అమెరికాలో కనిపిస్తుంటాయి. అలాంటి కోర్సు పని నేర్పవచ్చు, ఉద్యోగమూ దొరకవచ్చు, కానీ కోడా గుర్తింపు లేకపోతే చదువు మార్గంలో చైర్‌సైడ్ పరీక్షకు అర్హత రాదు. అప్పుడు 3,500 గంటల అనుభవం పూర్తయ్యేదాకా ఆగాలి. కాబట్టి ఫీజు కట్టకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టుకోండి. ఈ కోర్సుకు కోడా గుర్తింపు ఉందా? నేను పనిచేయబోయే రాష్ట్రం ఎక్స్‌రేలకు, నమోదుకు ఏం అడుగుతోంది? 300 గంటల క్లినికల్ సాధన ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో జరుగుతుంది? కోడా గుర్తింపున్న కోర్సుల జాబితా, రాష్ట్ర బోర్డుల నిబంధనలు, డాన్‌బీ అర్హత వివరాలు అన్నీ ఆయా సంస్థల అధికారిక ప్రచురణల్లో ఉచితంగా దొరుకుతాయి. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక దరఖాస్తు చేసే ఏడాదిలో అమల్లో ఉన్నవాటినే చూసి నిర్ణయం తీసుకోవాలి.